కూలి వేరు, దానం వేరు

(పెన్షనర్ల దినోత్సవం నాడు మలక్‌పేటలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పదిహేను రోజుల కిందట ఫోన్ చేసి, "క్రిస్మస్ దగ్గర పడుతోంది, ఈసారి మీరు మాట్లాడండి. బజారు, పని, కుటుంబం, ప్రభుత్వం, వీటి గురించి మీ బైబిలు ఏమంటుందో చెప్పండి" అన్నారు. నేను పాస్టరును కాను. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగా చేసి 2008లో ఇంటికి వచ్చినవాణ్ణి. ఈ సభలో అన్ని మతాలవారూ ఉన్నారు గనుక ప్రార్థన చేయించే ఉద్దేశం కూడా లేదు. చదువుకున్నది, కళ్లారా చూసినది చెబుతాను. చివరికి ఈ రోజు ఎజెండాలోని మూడో తీర్మానం దగ్గరికి వస్తాను. ఆ తీర్మానం మీద నాకు అభ్యంతరం ఉంది. ముందే చెబుతున్నాను, తరవాత ఎవరూ నొచ్చుకోవద్దు.

డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటామో మీకు తెలుసు. పిల్లలు కూడా వచ్చారు కాబట్టి ఒక్క మాట. 1979 మార్చి 31న గానీ ఆ తరవాత గానీ రిటైరైన వారికే కొత్త పెన్షన్ లెక్క వర్తిస్తుందని కేంద్ర ప్రభుత్వం గీత గీసింది. ఒక్కరోజు ముందు దిగినవాడికి లేదు. రక్షణ శాఖలో పనిచేసి రిటైరైన డి.ఎస్. నకారాగారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని తేల్చింది. గీత చెరిగిపోయింది.

ఇది మాకు బైబిల్లో పాత మాటే. మోషే ధర్మశాస్త్రంలో, కూలివాడి కూలి సూర్యుడు గుంకకముందే ఇచ్చెయ్యాలని ఉంది. వాడు పేదవాడు, దానిమీదనే ప్రాణం పెట్టుకొని ఉంటాడు అని కారణం కూడా చెప్పారు. కొత్త నిబంధనలో యాకోబు పత్రిక ఇంకో అడుగు వేస్తుంది. కోత కోసినవారికి ఎగ్గొట్టిన కూలి తానే నోరు తెరిచి అరుస్తుందట, ఆ అరుపు దేవుడి చెవిన పడుతుందట. పని చేయించుకున్నవాడు డబ్బు ఇచ్చి పుణ్యం కట్టుకోవడం లేదు, అప్పు తీరుస్తున్నాడు. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. తక్కినదంతా దీనిమీదే నడుస్తుంది.

మన తెలుగు నేలమీదే జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. దక్షిణాదిన యాభై లక్షలకు పైగా పోయారని అంచనాలు. అప్పుడు వైస్రాయి లిట్టన్ ప్రభువు. ధాన్యం వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టకూడదు, ధర పెరిగితే సరుకు దానంతట అదే వస్తుంది అన్నది ఆనాటి సర్కారు సిద్ధాంతం. ధర పెరిగింది నిజమే. కొనే డబ్బు చేతిలో లేనివాడికి పక్కనే సరుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆ కరువులోనే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి బయటికి కూడా పోయింది. ఇక కరువు పనుల మీద ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే మన 450 గ్రాములు. రోజంతా మట్టి మోసేవాడికి అది ఏ మూలకు? మద్రాసు డాక్టరు కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. కొన్ని నెలలకు గానీ ఆ కూలి పెరగలేదు.

ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. 1866లో ఒంగోలు చేరాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు, గొలుసు పట్టి భూమి కొలవడం వచ్చు. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తూంటే, సుమారు మూడున్నర మైళ్ల ముక్కను ఆయనే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ప్రసంగాలు చేసేవాడు కాంట్రాక్టరయ్యాడు! తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి తవ్వారు. ఎక్కువమంది మాదిగలు. తక్కిన శిబిరాల్లో మేస్త్రీలు తిట్టేవారు, కూలిలో కోత కోసేవారు. ఇక్కడ చేసిన పనికి చేతిలో డబ్బు పడేది.

ఇందులో విశేషమేమంటారా? అంతకుముందు ఆ మాదిగవాడికి కూలి అనే మాటే సరిగ్గా లేదు. రైతుకు చెప్పులు కుట్టాలి, బొక్కెన కుట్టాలి, డప్పు కొట్టాలి. పంట నూర్చినప్పుడు కళ్లంలో కాస్త గింజలు పోస్తారు. ఎంత పోస్తే అంతే. కరువొస్తే కళ్లమే లేదు, గింజలూ లేవు. కాలువ గట్టున మొదటిసారి ఇంత పనికి ఇంత అని లెక్క వచ్చింది. ఆడవాళ్లకు కూడా వచ్చింది.

ఇంకొకటి. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వచ్చి అడిగినవాళ్లను కూడా ఆగమన్నాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదు కదా. సాయం ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మత మార్పిడుల మీద ఇక్కడున్న మిత్రుల్లో కొందరికి వేరే అభిప్రాయం ఉంటుందని తెలుసు, దానిమీద వాదించడానికి రాలేదు. కూలిని కూలిగా, నమ్మకాన్ని నమ్మకంగా విడివిడిగా ఉంచాలని ఆయనకు తెలుసన్నదే నేను చెప్పదలచింది. ఒకవైపు సర్కారు సొమ్ము, మరొకవైపు గుడి సొమ్ము, మధ్యలో కూలివాడి చెమట. మూడింటినీ ఒకే సంచిలో వెయ్యలేదు.

క్లౌ రెండో భార్య ఎమ్మా. ఆమె తమ్ముడు వాల్టర్ రాషెన్‌బుష్ అమెరికాలో పేరుమోసిన పండితుడు. లాభమే దేవుడైన వ్యాపారాన్ని 1907లో పుస్తకం రాసి ఉతికేశాడు. బావగారేమో కాంట్రాక్టు పట్టి కూలి ఇచ్చాడు, బావమరిదేమో కాంట్రాక్టర్లను తిట్టాడు. ఇద్దరూ ఒకే బైబిలు చదివినవాళ్లే. కాబట్టి క్రైస్తవులంతా బజారు గురించి ఒకే మాట మీద ఉంటారనుకోకండి. ఎవరైనా అలా చెబితే నమ్మకండి.

ఇక నా మాట. నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒక జిల్లా ఆఫీసులో సిమెంటు పర్మిట్ల సీటు చూశాను. ఇక్కడ తెల్లజుట్టున్నవాళ్లందరికీ ఆ రోజులు గుర్తే. ఇంటికి పది బస్తాల సిమెంటు కావాలన్నా అర్జీ, విచారణ, సంతకం. పెళ్లికి పంచదార కావాలంటే అర్జీకి శుభలేఖ జత చెయ్యాలి. స్కూటరు కోసం ఏళ్లతరబడి వరస. నా ముందు నిలబడ్డవాడు నాకంటే చదువుకున్నవాడు, వయసులో పెద్దవాడు. అయినా చేతులు కట్టుకునేవాడు. ఆ మర్యాద నాకు కాదు, నా దగ్గరున్న రబ్బరు స్టాంపుకు. 1982లో సిమెంటుమీద కొంత అదుపు సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. సిమెంటు ఎక్కడికీ పోలేదు, దుకాణాల్లోకి వచ్చింది. పోయిందల్లా నా బల్లముందు వరస. ఆ వరస పోయినందుకు నాకేం బాధ లేదు.

ఆ తరవాత 1991. జులై 24న మన పీవీగారి ప్రభుత్వంలో మన్మోహన్ సింగ్‌గారు పెట్టిన బడ్జెట్ మీకు తెలుసు. అదే ఏడాది మే 1న రోములో రెండో జాన్‌పాల్ పోపు ఒక లేఖ విడుదల చేశారు. 1891లో పదమూడో లియో పోపు కార్మికుల గురించి రాసిన లేఖకు నూరేళ్లు నిండినందుకు రాసింది. కొనగలిగే వస్తువులకు బజారు మంచి సాధనమే, కానీ బజారులో దొరకని మానవ అవసరాలు ఉన్నాయి, వాటిని గాలికి వదిలెయ్యకూడదు అన్నది అందులో సారం. మేము సి.ఎస్.ఐ. వాళ్లం, రోమన్ కాథలిక్కులం కాము. అయినా మంచి నోట్‌ఫైలు ఏ సెక్షన్ నుంచి వచ్చినా చదవాలి కదా. 2025లో ఎన్నికైన కొత్త పోపు కూడా ఆ పాత లియోను తలచుకునే తన పేరు లియో అని పెట్టుకున్నారు.

బజారంటే పుస్తకాలెందుకు, మన మహబూబ్ మాన్షన్ గంజికి వెళ్లి చూడండి. మిరప, ఉల్లి లారీలు దిగుతాయి. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి. రైతు, కమీషన్ ఏజెంటు, హమాలీ, కాంటా దగ్గర దడవాయి. ధర ఇంత అని ఏ తాసిల్దారూ చెప్పడు. అది బేరంలో తేలుతుంది, తేలాలి కూడా. కానీ ఆ కాంటా సరిగా ఉందా లేదా చూడడానికి సర్కారు మనిషి కావాలి. దొంగ తూకపురాయి దేవుడికి అసహ్యమని సామెతల గ్రంథంలో ఉంది. కాంటాకు ముద్ర వెయ్యడం సర్కారు పని, ఉల్లిగడ్డ అమ్మడం సర్కారు పని కాదు. సర్కారుకు హద్దు ఉండాలంటే నా అర్థం ఇంతే. సర్కారే వద్దని నేననను. అలాగని బజారును కూర్చోబెట్టడానికి జాగా చూపేది కూడా సర్కారే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో అక్కడి నుంచి ఎత్తి బాటసింగారం పంపినప్పుడు ఎంత గొడవ జరిగిందో కొత్తపేటవాళ్లను అడగండి.

రాజు శక్తి పెరిగితే ఏమవుతుందో బైబిల్లో సమూయేలు ప్రవక్త ముందే హెచ్చరించాడు. జనం మాకు రాజు కావాలని పట్టుబడితే ఆయన జాబితా చదివాడు. మీ కొడుకులను రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ కూతుళ్లను వంటకు పెట్టుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, గింజల్లో పదోవంతు పట్టుకుపోతాడు, చివరికి మీరే నౌకర్లవుతారు. తెలంగాణలో వెట్టి చూసిన మన తాతలకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. దొర గడీకైనా, క్యాంపుకు వచ్చిన అధికారికైనా ఊరు ఊరంతా ఉచితంగా చెయ్యాల్సిందే. కూలి ఎగ్గొట్టడానికి అధికారమొక్కటి చాలు.

సర్కారు చెయ్యకపోతే ఎవరు చెయ్యాలి అంటారు. డోర్నకల్ బిషప్పు అజరయ్యగారి సంగతి వినండి. తిరునల్వేలి మనిషి, 1912లో మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యి, 1945లో కన్నుమూసేదాకా మన తెలుగు పల్లెల్లోనే ఉన్నారు. సీమదొరల డబ్బుతో సంఘం నడవకూడదని ఆయన పట్టుదల. ఆ పల్లెల్లో డబ్బెక్కడిది? వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది. మా అమ్మ కూడా వేసేది. మాకు తక్కువైన రోజు కూడా వేసేది. అది నాకు అప్పట్లో నచ్చేది కాదు, ఆకలిగా ఉండేది కాబట్టి. పాస్టరు జీతం, బడి పంతులు ఖర్చు అలాంటి కుండల్లోంచి వెళ్లాయి.

ఇప్పుడు కుటుంబం. అసలు విషయం ఇదే, ఇక్కడే మనందరికీ నొప్పి.

యేసు కాలంలో ఒక సదుపాయం ఉండేది. కొర్బాను అనేవారు. ఈ ఆస్తి దేవుడికి మొక్కేశాను అని కొడుకు ఒక్కమాట అంటే చాలు, ఇక తల్లిదండ్రులకు అందులోంచి ఏమీ ఇవ్వనక్కరలేదు. ఆచారం ఒప్పుకుంటుంది. యేసు ఆ పెద్దల మొహం మీదే అది తప్పన్నాడు. దేవుడి పేరు చెప్పి అమ్మానాన్నలను ఎగ్గొట్టడమేమిటన్నాడు. ఆయనే సిలువ మీద ఉండి తల్లిని ఒక శిష్యుడి చేతిలో పెట్టాడు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఇంకా గుమాస్తా పద్ధతిలో వరస చెప్పాడు. విధవరాలికి పిల్లలో మనవలో ఉంటే ముందు వాళ్లు చూడాలి. ఎవరూ లేనివాళ్లను సంఘం చూడాలి. పిల్లలున్నవాళ్లను సంఘం మీద వేస్తే, నిజంగా దిక్కులేనివాళ్లకు పెట్టడానికి ఏమీ మిగలదు.

ఆనాటి కొర్బాను మాట ఈనాడు వేరే రూపాల్లో వినిపిస్తుంది. ఈఎంఐ ఉంది నాన్నా. పిల్లల ఫీజు ఉంది. మీకు పెన్షన్ వస్తోంది కదా. కొన్నిసార్లు అది నిజం కూడా. 2004 సెప్టెంబరు 1 తరవాత మన రాష్ట్రంలో సర్వీసులో చేరినవాళ్లకు మన పాత పెన్షన్ లేదు, వాళ్ల వాటా, సర్కారు వాటా కలిపి బజారులో పెడతారు. రేపు ఎంత వస్తుందో వాళ్లకు తెలియదు. ప్రైవేటు ఉద్యోగులకు రేపు ఉద్యోగమే ఉంటుందో లేదో తెలియదు. మన పిల్లల భయాన్ని మనం తేలిగ్గా తియ్యకూడదు.

మా కాలనీలో ఒక పెద్దావిడ ఉంది. ఫ్యామిలీ పెన్షనరు. భర్త పోయాక ఫ్లాటు కొడుకు పేర గిఫ్టు డీడ్ రాసేసింది. కొడుకు ఆమెను గెంటలేదు, తిట్టనూ లేదు. వంటింటి పక్కన సామాను గదిలోకి మార్చాడు. ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకున్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, ఆర్డీవోకు ఒక అర్జీ రాసిపెట్టండి" అంది. అర్జీలు రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. రాశాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దానికింద ట్రిబ్యునల్ మన ఆర్డీవోగారి దగ్గరే ఉంటుంది. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. 23వ సెక్షన్ ప్రకారం, నన్ను చూసుకోవాలి అన్న షరతుమీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చూడాలంది. అందుకని అమ్మలారా, అయ్యలారా, గిఫ్టు డీడ్ రాస్తే ఆ షరతు డీడ్‌లోనే స్పష్టంగా రాయించండి. కొడుకు నొచ్చుకుంటాడని వదలకండి. ఈ ప్రసంగం అంతా మరిచిపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

అర్జీ రాశాను గానీ వెంటనే ఇవ్వలేదు. ముందు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని కొడుకు దగ్గరికి వెళ్లాను. ఆ అబ్బాయి తలుపు తీసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పాడు, ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదట. తల్లికి కూడా చెప్పలేదు. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకొని బయటికి వెళ్లి సాయంత్రం వస్తున్నాడట. కార్డు ఆవిడకు తిరిగి ఇచ్చాడు. గది ఇంకా మారలేదు. ఆ అర్జీ నా ఫైల్లో ఉంది, తేదీ వెయ్యలేదు. అవసరమైతే వేస్తాను, ఆ సంగతి అతనికి కూడా చెప్పాను.

ఇక మూడో తీర్మానం. "ప్రతి మండలంలో పెన్షనర్ల కోసం ప్రభుత్వం ఉచిత వృద్ధాశ్రమం నిర్మించాలి" అని ఉంది. ప్రతిపాదించిన మిత్రులు మంచి మనసుతోనే పెట్టారు. కానీ అదే 2007 చట్టం 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి, అని ఉంది. అది ఏ ఆధారమూ లేని నిరుపేద వృద్ధుల కోసం. నెలనెలా పెన్షన్ తీసుకునే మనం వెళ్లి ఆ వరసలో ముందు నిలబడితే గంజిలో బస్తాలు మోసిన ముసలి హమాలీ ఎక్కడికి పోతాడు? అతనికి నకారా తీర్పు లేదు. మన పెన్షన్ వచ్చేది అతను సబ్బుబిళ్ల మీద కట్టిన పన్ను లోంచి కూడా. మనకు రావలసిన డి.ఏ., బకాయిలు గట్టిగా అడుగుదాం, అవి మన కూలి. ఒకటో తీర్మానం, రెండో తీర్మానం ఆ విషయమే, వాటికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. ఆశ్రమం మన కూలి కాదు.

అందుకని ఈ సవరణ ప్రతిపాదిస్తున్నాను. "పెన్షనర్ల కోసం" అన్న మాట తీసేసి, చట్టంలో ఉన్న నిరుపేదల ఆశ్రమాలు సరిగా నడపాలని అడుగుదాం. ఆర్డీవో ట్రిబ్యునల్ వారంలో ఒక ఖాయమైన రోజున కూర్చోవాలని, గడువు లోపల తేల్చాలని అడుగుదాం. సంఘంలో నెలకు తలా వంద రూపాయలు వేసి ఒక నిధి పెట్టుకుందాం. ట్రిబ్యునలుకు వెళ్లే ఒంటరి తల్లులకు ఆటో ఖర్చు, అర్జీ, వెంట ఒక మనిషి, దానికి సరిపోతుంది. అర్జీలు నేను రాస్తాను, చెయ్యి ఇంకా వణకడం లేదు. సవరణ ప్రతి కార్యదర్శిగారికి ఇచ్చాను, బలపరచేవారు ఒకరు కావాలి. భోజనాలు సిద్ధమని వెనకనుంచి సైగ చేస్తున్నారు గానీ, ఓటు అయ్యాకే లేవాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.